హౌస్‌కీపింగ్ జట్టు: పని పంచేదెవరు, ప్రమాదం మోసేదెవరు?

హైదరాబాద్‌లో ఏ ఆఫీసు భవనానికి వెళ్లినా వాష్‌రూమ్ తలుపు వెనక ఒక చెక్‌లిస్టు వేలాడుతుంటుంది. గంటకో గడి, గడికో టిక్కు, పక్కన పొడి అక్షరాలు, అడుగున సూపర్‌వైజర్ సంతకం. సాయంత్రం ఆరింటి గడి మధ్యాహ్నానికే నిండిపోవడం ఆ రంగంలో ఉన్నవాళ్లకు వింతేమీ కాదు. మేనేజర్ దాన్ని నిర్లక్ష్యం అంటాడు. పదకొండు మంది రావాల్సిన షిఫ్టుకు ఎనిమిది మందే వస్తే ఇంకెలా చేస్తామని పనివాళ్లు అడుగుతారు. యూనియన్ కాంట్రాక్టర్ని నిలదీస్తే, ఆయన టెండర్ రేటు తీసి చూపిస్తాడు. అందరి చేతిలోనూ ఉన్నది ఆ ఒక్క కాగితమే. దాని గురించి ఒక్కొక్కరు అడుగుతున్న ప్రశ్న మాత్రం వేరు.

వాణిజ్య భవనాలు, ఆస్పత్రులు, మాల్స్‌లో శుభ్రం చేసే జట్లను ఎలా కూర్చాలన్న చర్చ ఇలాగే చిక్కుపడి ఉంది. సామర్థ్యం గురించి రాసేవాళ్లు నిమిషాల్లో మాట్లాడతారు, భద్రత గురించి రాసేవాళ్లు రసాయనాలూ నడుములూ అంటారు, కార్మిక చట్టం చూసేవాళ్లు అసలు యజమాని ఎవరో తేల్చమంటారు. ఒకరు రాసింది ఇంకొకరు చదివినట్టు కనిపించదు.

నిమిషాల లెక్క

పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ కాలం కట్టడం ఫ్రెడరిక్ టేలర్ 1911లో శాస్త్రీయ నిర్వహణ సూత్రాలు ప్రచురించిన నాటి ఆలోచన. శుభ్రత రంగంలో దాన్ని పట్టికలుగా మార్చింది 1923లో అమెరికాలో పుట్టిన వ్యాపార సంఘం ఇస్సా. అది అచ్చువేసిన పట్టిక ఒకదానిలో ఏకంగా 612 పనులకు సమయాలున్నాయి. ఫలానా వెడల్పు మాప్‌తో వెయ్యి చదరపు అడుగులకు ఎంతసేపు, ఒక కమోడ్‌కు ఎంతసేపు, చెత్తబుట్ట ఖాళీ చేయడానికి ఎంతసేపు అన్న లెక్కలవి. ఎంతమంది కావాలో చెప్పడానికి అంతకుముందు అనుభవం తప్ప వేరే ఆధారం లేని చోట ఇది పెద్ద మెట్టే.

విశ్వవిద్యాలయ భవనాల నిర్వాహకుల సంఘం ఆప్పా ఇంకో అడుగు ముందుకు వేసి శుభ్రతను అయిదు స్థాయులుగా విడగొట్టింది. మొదటిది మచ్చలేని శుభ్రత, అయిదోది పట్టించుకోని మురికి. ఒక మనిషికి అప్పగించే విస్తీర్ణం పెంచుకుంటూ పోతే భవనం ఏ స్థాయికి జారుతుందో ముందే చెప్పే పద్ధతి ఇది. ఇందులో నాకు నచ్చేది నిజాయతీ. డబ్బు తగ్గించుకోవచ్చు, కానీ ఏ స్థాయి మురికికి ఒప్పుకుంటున్నారో సంతకం పెట్టి మరీ తగ్గించుకోండి అంటుందది.

మన టెండర్లలోకి నిమిషాలు వచ్చాయి, స్థాయులు రాలేదు. తలకిన్ని చదరపు అడుగులు అని రాసి, పక్క గడిలో ‘ఎల్లప్పుడూ అత్యున్నత శుభ్రత’ అని రాస్తారు. రెండూ ఒకేసారి సాధ్యమా అని అడిగే గడి ఉండదు. పైగా పట్టికలోని నిమిషం ఒక ఊహ మీద నిలబడింది: సరైన పనిముట్టు చేతిలో ఉంది, నీళ్లు దగ్గర్లో ఉన్నాయి, మనిషికి శిక్షణ ఉంది. సర్వీస్ లిఫ్టు కోసం బకెట్‌తో ఎదురుచూసే సమయం, పై అంతస్తులో నీళ్లు రాక కిందికి దిగే సమయం, మీటింగ్ అయ్యేదాకా గది బయట నిలబడే సమయం ఆ లెక్కలోకి రావు. అవన్నీ చివరికి పనివాళ్ల టీ విరామంలోంచే కోతపడతాయి.

జోనా, స్పెషలిస్టా?

జట్టు కూర్పు మీద వాదమంతా ప్రధానంగా రెండు పద్ధతుల మధ్య నడుస్తోంది. జోన్ పద్ధతిలో ఒక ఫ్లోరో, ఒక వింగో ఒకరికి అప్పజెప్తారు. ఊడ్చడం, తడిగుడ్డ పెట్టడం, అద్దాలు, వాష్‌రూమ్, చెత్త అన్నీ ఆ మనిషివే. ఏదైనా మిగిలిపోతే ఎవర్ని అడగాలో తెలుస్తుంది. ఆ ఫ్లోర్ ఉద్యోగులకు ఆమె పేరు తెలుస్తుంది, ఎవరి బల్ల మీద కాగితాలు కదపకూడదో ఆమెకు తెలుస్తుంది. ఇబ్బందల్లా, ఆమె రాని రోజు ఆ ఫ్లోర్ అనాథ.

రెండోది టీమ్ క్లీనింగ్. 1990లలో అమెరికాలో ఊపందుకుంది. సాల్ట్ లేక్ సిటీ నుంచి జాన్ వాకర్ నడిపిన మేనేజ్‌మెన్ సంస్థ దీన్ని ఒక పూర్తి వ్యవస్థగా తీర్చి శిక్షణ ఇచ్చింది. ఇందులో భవనాన్ని కాకుండా పనిని పంచుతారు. ఒకరు దుమ్ము, చెత్త చూసుకుంటే ఇంకొకరు వాక్యూమ్ పడతారు. వాష్‌రూమ్‌లకు ఒకరు, లాబీలు, అద్దాలు, బరువు పనులకు ఒకరు. ఒకరి వెనక ఒకరు వరసలో భవనమంతా తిరుగుతారు. పనిముట్లు తక్కువ చాలతాయి, ఒకే పని చేసేవాళ్లకు వేగం వస్తుంది, కొత్తవాళ్లకు నేర్పడం తేలిక, రసాయనాలు ఒకరిద్దరి చేతుల్లోనే ఉంటాయి. దీన్ని సమర్థించేవాళ్లు భద్రత పేరుతోనే ఎక్కువగా మాట్లాడటం గమనించాలి. యాసిడ్ ముట్టుకునేది ఒక్కరే అయితే ఆ ఒక్కరికే బాగా నేర్పవచ్చంటారు.

శరీరం లెక్క వేసేవాళ్లు ఇక్కడే అడ్డుతగులుతారు. ఎనిమిది గంటలూ వీపున వాక్యూమ్ మోసే మనిషి భుజం, ఎనిమిది గంటలూ వంగి కమోడ్లు తోమే మనిషి నడుము త్వరగా అరుగుతాయి. జోన్‌లో పని మారుతుంటుంది కాబట్టి ఒకే కండరం మీద భారం పడదు. ఈ అభ్యంతరానికి టీమ్ క్లీనింగ్ వాళ్ల జవాబు రొటేషన్. వారం వారం పాత్రలు మార్చండి అంటారు. కాగితం మీద సమస్య తీరినట్టే.

మన దగ్గర ఆ రొటేషన్ దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. అమెరికా పుస్తకంలో వాష్‌రూమ్ స్పెషలిస్టు ఒక నైపుణ్యం. ఇక్కడ వాష్‌రూమ్ డ్యూటీ ఎవరికి పడుతుందో జట్టులో చేరినరోజే ఊరు, పేరు, ఇంటిపేరు అడిగి తేల్చేసే సూపర్‌వైజర్లకు కొదవ లేదు. లాబీ మెషిన్ మీద ఒకరు, అద్దాల స్క్వీజీ పట్టుకుని ఒకరు, కమోడ్ బ్రష్ పట్టుకుని ఎప్పుడూ అదే దళిత మహిళ. స్పెషలైజేషన్ అన్న పేరు పెడితే పాత కులవృత్తి కొత్త యూనిఫాం తొడుక్కుంటుంది. రొటేషన్ చార్ట్ గోడ మీద ఉంటుంది, ‘మిగతావాళ్లు చేయం అంటున్నారండీ’ అన్న మాటతో అమలు ఆగిపోతుంది. పాశ్చాత్య రచనల్లో ఈ ప్రశ్నే లేదు. మన మేనేజ్‌మెంట్ శిక్షణ వాటినే అనువదించుకుంటుంది కాబట్టి మన దగ్గరా రాదు. జట్టు కూర్పు గురించి మన నేల మీద నిలబడి రాయాల్సిన మొదటి అధ్యాయం ఇదేనని నా అభిప్రాయం.

రొటేషన్‌ను ఇన్ఫెక్షన్ నియంత్రణ నిపుణులు ఇంకో కారణంతో అనుమానిస్తారు. టాయిలెట్ శుభ్రం చేసిన చేతులు మర్నాడు ప్యాంట్రీకి వెళ్తే ఎలా అని. దీనికి మాత్రం సులువైన విరుగుడు ఉంది. మనిషికి బదులు గుడ్డను విడదీయడం. బ్రిటన్‌లో స్థిరపడిన రంగుల పద్ధతిలో ఎరుపు టాయిలెట్లకు, ఆకుపచ్చ వంటగదికి, నీలం మామూలు గదులకు. మన ఆస్పత్రుల్లో ఒక తలనొప్పి అదనం: బయోమెడికల్ వ్యర్థాల సంచులకు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని వేరే రంగుల లెక్క ఉంది. అక్కడ ఎరుపంటే వాడిపారేసిన ప్లాస్టిక్ ట్యూబులు. రెండు లెక్కలూ ఒకే వార్డులో, ఒకే మనిషికి, ఒక్క పూట శిక్షణలో చెప్పేస్తారు.

ఊపిరి, చర్మం, నడుము

భద్రత వైపు సాక్ష్యాల్లో బలమైనది ఊపిరితిత్తులది. నార్వేలోని బెర్గెన్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం యూరప్‌లో ఆరువేల మందికి పైగా మనుషులను 20 ఏళ్ల పాటు గమనించింది. శుభ్రం చేసే వృత్తిలో ఉన్న మహిళల్లో ఊపిరితిత్తుల సామర్థ్యం మిగతావారి కంటే వేగంగా తగ్గిందని తేల్చింది. పురుషుల్లో ఆ తేడా కనబడలేదు. అయితే అధ్యయనంలో ఈ పని చేసే పురుషుల సంఖ్యే తక్కువ. స్ప్రేలు, అమ్మోనియా, బ్లీచ్ మీద ఎక్కువ వేళ్లు లేచాయి. చాలా పనులకు నీళ్లూ మైక్రోఫైబర్ గుడ్డా చాలని పరిశోధకులే అన్నారు.

ఇక్కడ రోజూ కనిపించే ప్రమాదం ఇంకా మొరటుది. స్టోర్ రూమ్‌లో అయిదు లీటర్ల క్యాన్లు. అందులోంచి పాత మినరల్ వాటర్ సీసాల్లోకి వంపుకుంటారు. సీసాకు లేబుల్ ఉండదు, ఉన్నా అది నీళ్ల కంపెనీదే. కొలత మూత పోయి చాన్నాళ్లయి ఉంటుంది, కాబట్టి కలపడం చేతి అంచనాతోనే. టాయిలెట్ క్లీనర్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, పక్క సీసాలో ఉండేది హైపోక్లోరైట్. మరక పోవడం లేదని ఒకదాని మీద ఇంకోటి పోస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. గాలాడని చిన్న టాయిలెట్‌లో ఆ ఒక్క నిమిషం చాలు. ‘కాస్త ఘాటొచ్చింది, బయటికొచ్చి నిలబడ్డాను’ అని చెప్పుకునే సంఘటన ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కదు. చేతికి తొడుగులిచ్చామని యాజమాన్యం అంటుంది. సైజు పెద్దదై జారిపోయే తొడుగులతో తడిగుడ్డ పిండటం ఎవరి వల్లా కాదు. అందుకే అవి గూట్లోనే ఉంటాయి.

రసాయన భద్రత పాఠంలో తొడుగుల స్థానం చివరిది. ముందు ప్రమాదకరమైన వస్తువునే తీసేయాలి, లేదంటే తక్కువ హానికరమైనది వాడాలి, ఆ తర్వాత గోడకు బిగించి తనంతట తానే పాళ్లు కలిపే డిస్పెన్సర్‌లాంటి ఏర్పాటు, ఆ తర్వాత శిక్షణ. మన సైట్లలో ఈ వరస తలకిందులు. తొడుగులు కొనడం చవక, ఫొటో తీసి ఆడిట్‌లో పెట్టడానికి పనికొస్తుంది.

కోవిడ్ కాలం దీన్ని ఇంకా పాడుచేసింది. 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భవనాల లోపల క్రిమిసంహారకాలు పిచికారీ చేయడాన్ని మామూలు పద్ధతిగా సిఫారసు చేయలేమని చెప్పినా, వీపున ట్యాంకు వేసుకుని హైపోక్లోరైట్ కొట్టడం శుభ్రతకు ప్రచార చిత్రంగా మారింది. కొట్టినవాళ్ల ఊపిరి గురించి అడిగినవాళ్లు తక్కువ.

ఆస్పత్రుల సంగతి కాస్త మెరుగు, కనీసం కాగితం మీద. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఆ చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు, ఏటా శిక్షణ, ఏటా ఆరోగ్య పరీక్ష తప్పనిసరి చేశాయి. కాంట్రాక్టు మనిషైనా ఆస్పత్రి మనిషైనా తేడా లేదు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా టీకా కార్డు ఏమవుతుందన్నదే అసలు పరీక్ష. హెపటైటిస్ టీకా మూడు మోతాదులకు ఆరు నెలలు పడుతుంది. మనిషి అంతకాలం అదే సైట్లో ఉండాలి కదా.

ప్రాణం తీసే పని మాత్రం బేస్‌మెంట్‌లో ఉంటుంది. మురుగు శుద్ధి ప్లాంట్, సెప్టిక్ ట్యాంకు. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం రక్షణ లేకుండా మనిషిని అందులోకి దింపడాన్ని నేరం చేసింది. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని రూ.10 లక్షల నుంచి రూ.30 లక్షలకు పెంచింది. సఫాయీ కార్మికుల ఉద్యమ నేత బెజవాడ విల్సన్ లాంటివారు దశాబ్దాలుగా చెబుతున్నది దీన్ని జట్టు నిర్వహణ సమస్యగా చూడొద్దనే, ఆ దిగడమే ఆగాలని. ఈ ఒక్కచోట సామర్థ్యంతో బేరం పెట్టే వాదానికి తావు లేదు. అయినా ప్లాంట్ నిర్వహణ ఒక ఏజెన్సీది, హౌస్‌కీపింగ్ ఇంకో ఏజెన్సీది అయిన భవనంలో, పంపు జామ్ అయినప్పుడు ‘ఒక్కసారి చూసి రా’ అని పిలిచేది ఎదురుగా కనబడిన హౌస్‌కీపింగ్ కుర్రాడినే.

యజమాని ఎవరు

కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. 1976 డిసెంబరు 9న కేంద్రం తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్వడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, కాపలా పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టుకోకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే అప్పటి చూపులో ఇది ఏడాది పొడవునా అవసరమైన పని, సొంత మనిషితో చేయించుకోవాల్సిన పని. ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు అలాంటి కార్మికులను సంస్థే తీసుకోవాలన్నదాకా వెళ్లింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, 1976 నోటిఫికేషన్‌నూ కొట్టేసింది.

తర్వాతి మలుపు మన దగ్గరే. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ చట్టానికి సవరణ తెచ్చి, ‘ప్రధాన కార్యకలాపం’ కాని వాటికి కాంట్రాక్టు పెట్టుకోవచ్చంది. అలా ప్రధానం కానివాటి జాబితాలో మొదట ఉన్నది పారిశుద్ధ్యం, ఊడ్పు, శుభ్రత. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో దాదాపు అదే జాబితా కనిపిస్తుంది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. హైదరాబాద్ సచివాలయంలో పుట్టిన సూత్రం ఇవాళ దేశమంతటికీ నియమం. దీన్ని ఐటీ కారిడార్ పెరుగుదలకు తోడ్పడిన సంస్కరణగా చూసేవాళ్లున్నారు, శుభ్రత కార్మికులను శాశ్వతంగా బయటివాళ్లను చేసిన గీతగా చూసేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే కావచ్చు. కానీ ఆస్పత్రికి శుభ్రత ప్రధానం కాదు అనే నిర్వచనం ఏ వైద్యుడూ ఒప్పుకోని మాట.

అదే కోడ్ నియామక పత్రం తప్పనిసరి చేసింది, అది చిన్న మేలు కాదు. కాంట్రాక్టు నిబంధనలు వర్తించే పరిమితిని మాత్రం 20 మంది నుంచి 50కి పెంచింది.

బిల్లు దేన్ని లెక్కపెడుతుంది

ఇన్ని వాదాలు చదివాక నాకు అనిపించేది, జోనా టీమా అన్న ప్రశ్న రెండోది. కాంట్రాక్టు బిల్లు దేన్ని లెక్కపెడుతుందో దాన్ని బట్టే జట్టు తయారవుతుంది.

తలలు లెక్కపెట్టే బిల్లులో కాంట్రాక్టర్‌కు తలలు చూపించడమే పని. హాజరు నిండుగా, ఫ్లోర్ పలచగా ఉంటుంది. యంత్రం కొంటే తల తగ్గుతుంది, తల తగ్గితే బిల్లు తగ్గుతుంది, కాబట్టి ఆటో స్క్రబ్బర్ షోకేస్‌లో బొమ్మలా మూల నిలబడుతుంది. చదరపు అడుగులు లెక్కపెట్టే బిల్లులో తలలు తగ్గించడమే లాభం. అక్కడ యంత్రం వస్తుంది, దాంతోపాటు ఇద్దరి పని ఒకరి మీద పడుతుంది. తెలంగాణ ప్రభుత్వాస్పత్రుల్లో పడకల లెక్క. 2022లో ఆ రేటును పడకకు నెలకు రూ.5,000 నుంచి రూ.7,500 చేశారు. విస్తీర్ణం కంటే పడక రోగుల రద్దీకి దగ్గరి కొలత, ఆ మేరకు మంచిదే. అయితే ఒక్కో పడక మీద ఇద్దరేసి పడుకునే వార్డులో బిల్లుకు పడక ఒకటే, తుడిచే మనిషికి రోగులు ఇద్దరు. నాణ్యతకు మార్కులేసి చెల్లించే పద్ధతి పుస్తకాల్లో అందంగా ఉంటుంది. మార్కులు కోసినప్పుడు ఆ కోత కాంట్రాక్టర్ లాభంలో ఆగకుండా జీతంలోకి జారకూడదని రాసిన ఒప్పందాలు అరుదు.

టెండర్లలో సర్వీస్ చార్జి సున్నా అని వేసే బిడ్ల గురించి కూడా చెప్పాలి. లాభం లేకుండా ఎవరు వ్యాపారం చేస్తారు? ఆ సున్నా పీఎఫ్‌లోనో, ఓవర్‌టైమ్‌లోనో, సబ్బులోనో పూడుతుంది. అలాంటి బిడ్లను పరిగణించొద్దని కేంద్ర ఆర్థిక శాఖే 2014లో చెప్పాల్సి వచ్చింది.

ఈ చోటే బయటి దేశాల అనుభవం పనికొస్తుంది. అమెరికాలో 1980లలో మొదలైన ‘జస్టిస్ ఫర్ జానిటర్స్’ ఉద్యమం కాంట్రాక్టర్‌తో పోరాడి లాభం లేదని గుర్తించి నేరుగా భవన యజమానిని లక్ష్యం చేసుకుంది. 1990 జూన్ 15న లాస్ ఏంజెలెస్ సెంచరీ సిటీలో ఊరేగింపు మీద పోలీసులు విరుచుకుపడ్డాక ఒప్పందం కుదిరింది. నెదర్లాండ్స్‌లో 2010లో శుభ్రత కార్మికులు తొమ్మిది వారాలు సమ్మె చేశారు. మరుసటి ఏడాది అక్కడ యూనియన్లు, క్లీనింగ్ సంస్థలు, వాళ్లకు పనిచ్చే కంపెనీలు కలిసి, అతి తక్కువ ధర ఒక్కటే చూసి టెండర్ ఇవ్వకూడదన్న నియమావళి మీద సంతకాలు చేశారు. కాలిఫోర్నియా 2018 జులై నుంచి హోటల్ హౌస్‌కీపింగ్‌లో నడుము, భుజం గాయాల నివారణకు యజమాని రాతపూర్వక ప్రణాళిక పెట్టాలని, దాన్ని పనివాళ్లతో కలిసే తయారుచేయాలని చట్టబద్ధం చేసింది. ఈ మూడింటిలోనూ జట్టును ఎలా విడదీయాలో ఎవరూ చెప్పలేదు. పనికి కాలం కట్టే బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో మార్చారు.

ఆంధ్రప్రదేశ్ 2020లో అవుట్‌సోర్సింగ్ కార్పొరేషన్ ఆప్కాస్ పెట్టి ప్రభుత్వ పనుల్లో ప్రైవేటు ఏజెన్సీని మధ్యనుంచి తప్పించింది. జీతం నేరుగా ఖాతాలో పడటం దాని మేలు. పని భారం ఎంతుండాలో, తొడుగు సైజు ఏమిటో నిర్ణయించే చోటు మాత్రం అలాగే ఉండిపోయింది. దళారి పోవడం, పని రూపం మారడం వేర్వేరని అది చూపిస్తుంది.

పగలూ రాత్రీ, మనిషీ యంత్రమూ

నార్డిక్ దేశాల్లో ఆఫీసుల శుభ్రత చాలావరకు పగటి పని. పగలు చేస్తే మనిషి కనబడతాడు, బస్సు దొరుకుతుంది, రాత్రి ఒంటరితనపు భయం ఉండదు. ఉద్యోగుల కాళ్ల మధ్య తడినేల జారుడు ఒక ఇబ్బంది. యంత్రాల మీద చర్చ కూడా పాతదే, ఇప్పుడు దానికి సెన్సార్లు తోడయ్యాయి. ఎంతమంది వాడారో లెక్కించి వాష్‌రూమ్‌కు మనిషిని పంపే పద్ధతి నిజంగా వృథా తిరుగుడు తగ్గించగలదు. ఫోన్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించడం వరకే ఆగితే, తలుపు వెనక కాగితం ఫోన్‌లోకి మారిందంతే.

తేలనివి

మొదటిది గాయాల నమోదు. ఈఎస్ఐ రికార్డుల్లో కాలు విరిగితే కనబడుతుంది, ఆయాసం కనబడదు. అది ఏ రసాయనం వల్లో, ఎన్నో సైట్లోనో కూర్చి చూసే ఏర్పాటు లేదు. అది లేనంతకాలం ఏ జట్టు పద్ధతి ఇక్కడ సురక్షితమో ఎవరు చెప్పినా బయటి దేశాల సంఖ్యలతోనే చెప్పాలి.

రెండోది, పని ఆపే హక్కు. గాలి ఆడనిచోట యాసిడ్ వాడను, ట్యాంకులోకి దిగను అని కాంట్రాక్టు మహిళ చెబితే మర్నాడు గేటు దగ్గర ఆమె పేరు ఉంటుందా? వృత్తి భద్రత కోడ్‌లో తక్షణ ప్రమాదాన్ని యజమాని దృష్టికి తెచ్చే హక్కుంది. ఇక్కడ యజమాని అంటే జీతమిచ్చే ఏజెన్సీయా, భవనం వాడుకునే కంపెనీయా అన్నది కేసు కోర్టుకు వెళ్లినప్పుడు గానీ తేలదు.

మూడోది చిన్న సైట్లది. పెద్ద ఐటీ పార్కుల్లో ఆడిట్లుంటాయి, విదేశీ క్లయింట్ ప్రశ్నలుంటాయి. డయాగ్నస్టిక్ సెంటర్లు, కోచింగ్ భవనాలు, ఫంక్షన్ హాళ్లు, నలుగురైదుగురితో నడిచే సైట్లు ఎక్కువ. యాభై మంది పరిమితికి అవి చాలా కింద. అక్కడ జట్టు అంటే ఒక అక్క, ఆమె తెచ్చుకున్న చెల్లెలు వరస బంధువు, ఒక వాచ్‌మన్. వాళ్లకు 612 పనుల పట్టికా చేరదు, డచ్చి నియమావళీ చేరదు. లేబుల్ ఉన్న సీసా, కొలత మూత చేరవేయడం ఎవరి బాధ్యతో తేల్చే నిబంధన ఏ రాష్ట్రం ముందు రాస్తుందో చూడాలి.